కుందేలుకి ఏడాదికి పైగా బొచ్చు రాలుతోంది, కారణం దొరకడం లేదంటే

మీ కుందేలు మల్లి గురించి మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దండి.

చెన్నై వేళచ్చేరిలో మూడో అంతస్తు ఫ్లాట్. మల్లికి ఐదేళ్లు, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. పద్నాలుగు నెలల క్రితం తోకకి పైన, నడుము మీద రూపాయి బిళ్లంత చోట బొచ్చు పల్చబడింది. ఇప్పుడు నడుమంతా పాకి, మెడ వెనక కూడా మొదలైంది. పెద్దగా గోక్కోవడం లేదు. ఇద్దరు డాక్టర్లు చూశారు. చర్మం గీకి పరీక్ష చేస్తే ఏమీ కనబడలేదు. అయినా పురుగుల కోసమని రెండు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు వేశారు, బొచ్చు కొంచెం వచ్చింది, నెలన్నరకి మళ్లీ పోయింది. తర్వాత తామర అనుకుని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. దానితోనూ అంతే. చివరికి "వయసు వల్ల కావచ్చు, తింటోంది కదా, వదిలేయండి" అన్నారు.

వదిలేయకండి. ఐదేళ్ల కుందేలు ముసలిది కాదు. ఇంట్లో బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పదేళ్లు హాయిగా బతుకుతాయి, ఇంకా ఎక్కువ బతికినవీ ఉన్నాయి. ఉత్త వయసు వల్ల ఐదేళ్లకే నడుమంతా బోడి అయిపోదు.

మీరు రాసిన దాంట్లో మధ్యలో ఒక వాక్యం ఉంది. "గడ్డి ఎప్పుడో మానేసింది, నానబెట్టిన పెల్లెట్లు (గుళికల మేత), బ్రెడ్డు మాత్రం ఇష్టంగా తింటుంది" అన్నారు. బొచ్చు సంగతి కంటే నా మనసు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. మీ మూడో ఫొటోలో గడ్డం కింద వెంట్రుకలు చిన్న చిన్న పాయలుగా అతుక్కుని ఉన్నాయి. అది తడి. నీళ్ల గిన్నె వల్ల కావచ్చు, చొంగ కూడా కావచ్చు. ఈ రెండూ కలిపి చూస్తే, మల్లి వీపు కంటే ముందు మల్లి నోరు చూపించాలని నా అభిప్రాయం.

నేను డాక్టర్ని కాను. పెరంబూరులో ఉంటాం, పదిహేనేళ్లుగా ఇంట్లో కుందేళ్లున్నాయి. చాలావరకు ఎవరో పెంచలేక వదిలేసినవే. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా కుందేలు బూరుగు. తెల్లగా దూదిలా ఉండేదని ఆ పేరు పెట్టాం. దానికి నాలుగేళ్లప్పుడు సరిగ్గా మీ మల్లికి లాగే తోక పైన మొదలైంది. తెల్లటి పొట్టు, చుండ్రులాగా. వేళ్లతో మెల్లగా పట్టుకుంటే బొచ్చు కుచ్చులుగా ఊడి వచ్చేది, కుచ్చు మొదట్లో ఆ పొట్టు అంటుకుని ఉండేది. ఇంజెక్షన్లు వేయించాం. వచ్చింది, పోయింది. ఇలా రెండేళ్లు. ఆ రెండేళ్లలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది, అది కింద రాస్తాను.

మూడో డాక్టరమ్మ బూరుగుని బల్ల మీద పెట్టగానే వీపు వైపు చూడనే లేదు. ముందు తూకం వేశారు. తర్వాత రెండు వేళ్లతో కింది దవడ ఎముక అంచు వెంబడి మెల్లగా తడుముతూ వెళ్లారు. ఒకచోట ఆగి, నా వేలు తీసుకుని అక్కడ పెట్టారు. నున్నగా ఉండాల్సిన ఎముక మీద చిన్న చిన్న బుడిపెలు తగిలాయి. ముందరి కాళ్లు తిప్పి లోపలి వైపు చూపించారు. అక్కడ బొచ్చు గంజి పెట్టినట్టు బిరుసుగా, పసుపుగా ఉంది. చొంగ కారితే కుందేలు ముందు కాళ్లతో మూతి తుడుచుకుంటుంది, అదే ఎండి అలా అవుతుంది. రెండేళ్లు రోజూ ఒళ్లో పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా ఆ కాళ్లు తిప్పి చూడలేదు. ఆ తర్వాత చెవులు చూసే టార్చ్ గొట్టాన్ని పెదవి పక్క నుంచి పెట్టి దవడ పళ్లు చూశారు. ఎడమ వైపు కింది పన్ను అంచు ముల్లులా పెరిగి నాలుక మీదికి వంగింది. నాలుక పక్కన పుండు.

కుందేలుకి 28 పళ్లు. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మి.మీ. పెరుగుతాయి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకి తిరుగుతూ అరగదీస్తుంది కాబట్టి సరిపోతుంది. మెత్తటి తిండికి ఆ అరుగుదల ఉండదు. కింది దవడ పళ్ల అంచులు నాలుక వైపు, పై పళ్ల అంచులు బుగ్గ వైపు మొనదేలుతాయి. పెదవి ఎత్తి చూస్తే మనకి కనబడేవి ముందు పళ్లే. అవి చక్కగా ఉన్నా లోపల దవడ పళ్లు పాడై ఉండొచ్చు. "పళ్లు బాగానే ఉన్నాయి" అని ఎవరైనా అంటే, దవడ పళ్లు చూశారా అని మర్యాదగా మళ్లీ అడగండి.

దీనికీ వీపు మీద బొచ్చుకీ ఏం సంబంధం అంటారా. కుందేలు ఒళ్లంతా నాలుకతో, ముందు పళ్లతో రోజూ దువ్వుకుంటుంది. రాలాల్సిన వెంట్రుకలు, పొట్టు ఎప్పటికప్పుడు పోతాయి. కెయిలెటియెల్లా అనే చిన్న పురుగు చాలా కుందేళ్ల మీద కొద్దిగా ఉంటుంది, దువ్వుకునే కుందేలు మీద అది హద్దులోనే ఉండిపోతుంది. నాలుక నొప్పి పుట్టినా, నడుము పట్టేసినా, ఒళ్లు బరువెక్కినా కుందేలు దువ్వుకోవడం తగ్గిస్తుంది. అందులోనూ అందడానికి కష్టమైన చోట్లు ముందు మానేస్తుంది. అవి తోక పైన, నడుము, మెడ వెనక. మీ మల్లికి పోయింది సరిగ్గా అక్కడే. మందు వేస్తే పురుగు చస్తుంది, బొచ్చు వస్తుంది. దువ్వుకోవడం మాత్రం తిరిగి రాదు కాబట్టి మళ్లీ పొట్టు, మళ్లీ పురుగు. మీ ఇంజెక్షన్ల కథ నాకు అలాగే కనబడుతోంది. మందు పని చెయ్యలేదని కాదు, పురుగుని మళ్లీ రానిచ్చే కారణం అలాగే ఉంది.

స్క్రేపింగ్‌లో ఏమీ రాలేదు కదా అని మీకు అనిపించొచ్చు. ఈ పురుగు చర్మం పైనే, పొట్టులో తిరుగుతుంది, లోపలికి తొలుచుకుపోదు. బ్లేడుతో లోతుగా గీకితే తప్పించుకుపోవడం మామూలే. పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్కని పొట్టు మీద అద్ది స్లైడుకి అంటించి చూస్తే దొరికే అవకాశం ఎక్కువ. ఒక్క పరీక్షలో లేదంటే లేనట్టు కాదు.

ఇంట్లో మీరు ఈ వారమే చెయ్యగలిగినవి చెబుతాను.

మొదటిది, వీడియో. కుందేళ్లు తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ చురుగ్గా ఉంటాయి. ఫోన్‌ని నేల మీద ఏదైనా డబ్బాకి ఆనించి అరగంట వదిలేయండి, మీరు గదిలోంచి వెళ్లిపోండి. మనం ఉంటే మన దగ్గరికి వచ్చేస్తుంది, అసలు సంగతి బయటపడదు. తర్వాత చూసేటప్పుడు ఒకటే గమనించండి. ముఖం కడుక్కుంటుందా, చెవులు లాక్కుని నాకుతుందా, పక్కకి తిరిగి నడుము దాకా నోరు తీసుకెళ్తుందా? బూరుగు వీడియోలో అది మెడ తిప్పేది, భుజం దాకా వచ్చేది, రెండుసార్లు నాకి ఆగిపోయేది. నమలకుండానే దవడ ఆడించేది. నాలుగు రోజులు వరసగా అదే కనబడింది. తిరగబోయి పక్కకి తూలితే, లేదా వెనక కాలు ఎత్తి చెవి గోక్కోవాలని గాలిలోనే ఆడిస్తే, నోరు కాకపోయి నడుము కావచ్చు. వెన్నులో కీళ్లు అరిగితే ఇలాగే ఉంటుంది, దానికి నొప్పి మందులున్నాయి.

రెండోది, నల్ల కాగితం. పిల్లల క్రాఫ్టు కాగితం చాలు. మల్లిని పాత తువ్వాలు మీద కూర్చోబెట్టి, సన్న పళ్ల దువ్వెనతో నడుము మీద పొట్టుని కాగితం మీదికి దులపండి. ట్యూబ్‌లైటు కింద పెట్టి రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పొట్టులో చుక్కలు వాటంతటవే జరుగుతుంటే అవి పురుగులు. కదలకపోతే ఏమీ తేలినట్టు కాదు. ఆ పొట్టునే చిన్న కవర్లో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మూడోది, వెంట్రుక తెగిందా, ఊడిందా అన్నది. బోడి చోట అంచున వేలిని బొచ్చుకి ఎదురుగా రాయండి. రెండు రోజుల గడ్డంలా గరుకుగా తగిలితే వెంట్రుక సగానికి తెగింది, అంటే కొరుక్కుంటోంది. నున్నగా ఉంటే మొదలుతో ఊడింది. కొరుక్కుంటే దారి వేరు: పీచు తక్కువ తిండి, రోజంతా బోనులో ఒంటరితనం, లేదా ఆ చర్మం కింద నొప్పి. మొన్నటిదాకా ఇల్లంతా తిరిగినది ఇప్పుడు పగలంతా బోనులో ఉంటోందని రాశారు కాబట్టి ఇదీ చూడండి. మీరు చెప్పిన దాన్ని బట్టి నున్నగానే ఉంటుందని నేననుకుంటున్నాను.

ఇంకొకటి, మీ ఇంట్లో ఎవరికైనా ముంజేతుల మీద, పొట్ట మీద దోమ కుట్టినట్టు ఎర్రటి దద్దుర్లు వచ్చి పోతున్నాయా? గుండ్రటి తామర మచ్చలు ఉన్నాయా? కుందేలుని ఎత్తుకునే చోట్లివి. ఈ పురుగూ, తామరా రెండూ మనుషులకి అంటుతాయి. ఇంట్లో వాళ్ల చర్మం కూడా ఒక సాక్ష్యం.

పురుగూ నోరూ కాకపోతే ఇంకేముంటాయన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే నా ఊహ తప్పు కావచ్చు. తామర కుందేళ్లకి ఎక్కువగా ముక్కు, చెవులు, కళ్ల చుట్టూ, పాదాల మీద మొదలవుతుంది, చిన్న వయసు వాటికి ఎక్కువ. నడుము మీద మొదలై పద్నాలుగు నెలలు ఉండిపోవడం దాని తీరు కాదు. అయినా చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ వాన తేమలో ఏదీ కొట్టిపారేయలేం. తామర చూసే నీలి దీపం (వుడ్స్ ల్యాంప్) కింద మెరవలేదు కాబట్టి తామర కాదు అనేస్తుంటారు. కుందేళ్లకి ఎక్కువగా వచ్చే ట్రైకోఫైటాన్ అనే తామర బూజు ఆ దీపానికి మెరవదు. వెంట్రుకలు తీసి కల్చర్‌కి (ల్యాబులో బూజు పెంచి చూసే పరీక్షకి) పంపాలి, ఫలితానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

మల్లి ఆడది, ఆపరేషన్ కాలేదు. కొన్ని ఆడ కుందేళ్లు కడుపుతో లేకపోయినా ఉన్నట్టు రెండున్నర వారాలు ప్రవర్తిస్తాయి, గూడు కోసం గంగడోలు నుంచి, పొట్ట నుంచి బొచ్చు పీక్కుంటాయి. అది ముందు వైపు పోవాలి, మల్లికి వెనక పోయింది, కాబట్టి అది కాదు. కానీ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. నాలుగేళ్లు దాటి గర్భసంచి ఉన్న ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ చాలా సాధారణం. బొచ్చుతో సంబంధం ఉన్నా లేకపోయినా, వెళ్లినప్పుడు పొట్ట స్కాన్ చేయించండి. మూత్రంలో ఎప్పుడైనా రక్తం చారలు కనబడ్డాయేమో గుర్తు చేసుకోండి. కుందేలు మూత్రం ఆకుల రంగుల వల్ల నారింజ, ఎరుపు రంగుల్లో రావడం మామూలే. ఆ రంగు మూత్రమంతటా ఒకేలా ఉంటుంది. రక్తమైతే చుక్కలుగా, గడ్డలుగా, విడిగా కనబడుతుంది.

ఇక అరుదైనవి. సెబేషియస్ ఎడినైటిస్ అని ఒకటుంది, చర్మంలో నూనె గ్రంథులు దెబ్బతినే జబ్బు. దురద ఉండదు, పెద్ద పెద్ద పొలుసులు వెంట్రుకలకి అతుక్కుని ఉంటాయి, చాలావరకు తల, మెడ దగ్గర మొదలై ఒళ్లంతా పాకుతుంది. చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తేనే తేలుతుంది. ఇలాంటి పొలుసులతో పాటు ఛాతీలో థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉండే కేసులున్నాయి, అందుకే పొలుసులు బాగా ఉన్నప్పుడు ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. తల కిందికి వంచినప్పుడు రెండు కళ్లూ ముందుకి పొడుచుకొస్తే ఆ అనుమానం బలపడుతుంది. చర్మంలో వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కూడా మామూలు చుండ్రులాగే మొదలవుతుంది. ఇవన్నీ రాసింది మిమ్మల్ని టెన్షన్ పెట్టడానికి కాదు. నోరు, నడుము బాగున్నాయని తేలి, పురుగుకి పూర్తి కోర్సు వేసినా బొచ్చు రాకపోతే, అప్పుడు ఇంకో ఆయింట్‌మెంట్ కాదు, బయాప్సీ అడగాలి. కొత్తగా పాకుతున్న అంచు నుంచి ముక్క తియ్యాలి. దానికి ముందు ఆ చోట కడగకూడదు, పొలుసులు రుద్దకూడదు, అసలు చూడాల్సింది ఆ పైపొరలోనే ఉండొచ్చు.

ఇప్పుడు నా తప్పు. బూరుగుకి తామరేమో అనుకుని మా వీధి చివర మెడికల్ షాపులో క్రీము తెచ్చి పది రోజులు రాశాను. మొదట్లో ఎరుపు తగ్గింది, మందు దొరికిందని సంతోషించాను. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్ అని ఉంది. అది గట్టి స్టెరాయిడ్. చీటీ లేకుండా అమ్మే తామర క్రీముల్లో చాలావాటిలో కలిపి ఉంటుంది, మనుషుల తామరనే మొండిగా మార్చేస్తోందని చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నారు. కుందేళ్లకి స్టెరాయిడ్ అస్సలు పడదు, చర్మం మీద రాసిందైనా లోపలికి వెళ్లి రోగనిరోధక శక్తిని దించేస్తుంది. పైగా రాసింది నాకేస్తుంది. బూరుగు ఆ నెలలో బాగా చిక్కిపోయింది. మీకిచ్చిన ఆయింట్‌మెంట్ ట్యూబు వెనక చదవండి. "సోన్", "సోల్" అని ముగిసే స్టెరాయిడ్ పేర్లూ, "జోల్" అని ముగిసే తామర మందుల పేర్లూ ఒకేలా వినబడతాయి, కాబట్టి మీరు తేల్చుకోకుండా ట్యూబునే తీసుకెళ్లి చూపించండి.

అలాగే కొన్ని మందులు కుందేలు ప్రాణం తీస్తాయి. కుక్కలకీ పిల్లులకీ మెడ మీద పోసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకి వెయ్యకూడదు, ఎవరు చెప్పినా సరే. నోటి ద్వారా అమోక్సిసిలిన్, పెన్సిలిన్, క్లిండమైసిన్ ఇవ్వకూడదు, పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి విరేచనాలతో పోతాయి. వేపనూనె, కొబ్బరినూనె, కర్పూరం కలిపిన నూనె ఇవేవీ రాయకండి. మన ఇళ్లల్లో చేతికి మొదట వచ్చేవి ఇవే, మా అత్తగారు కూడా ప్రేమతోనే చెప్పారు. నూనె బొచ్చుని ముద్ద చేస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. స్నానం కూడా వద్దు. తడిసిన కుందేలు ఒళ్లు చల్లబడి, భయానికి కుప్పకూలిన సందర్భాలున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో చెబుతాను. కుక్కలు పిల్లులే ఎక్కువ చూసే క్లినిక్ కాకుండా, కుందేళ్లని తరచూ చూసే వాళ్లని వెతకండి. "నెలకి ఎన్ని కుందేళ్లకి దవడ పళ్లు సరిచేస్తారు" అని ఫోన్‌లోనే అడగొచ్చు, తప్పేమీ లేదు. లేదంటే వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1903 నుంచి ఉన్న కాలేజీ అది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఎండలో ఆటోలో తిప్పకండి. పంజరం మీద తడి గుడ్డ, లోపల తువ్వాల్లో చుట్టిన ఐస్ బాటిల్. ముప్పై డిగ్రీలకి దగ్గరపడితేనే కుందేళ్లకి కష్టం, మే నెల కత్తిరి ఎండల్లో చెప్పక్కర్లేదు.

అక్కడ నాలుగు జరగాలి: దవడ పళ్లు గొట్టంతో చూడటం, కింది దవడ తడమడం, టేపుతో పొట్టు పరీక్ష, పొట్ట స్కాన్. మెలకువగా ఉన్న కుందేలు నోట్లో అన్నీ కనబడవు. అనుమానం మిగిలితే మత్తు ఇచ్చి తల ఎక్స్‌రే తీస్తారు, పళ్ల వేర్లు ఎముకలోకి పెరిగాయేమో అందులో తెలుస్తుంది. అదే మత్తులో ఉండగా వెన్ను ఎక్స్‌రే కూడా తీయమనండి, రెండోసారి మత్తు తప్పుతుంది. మత్తు ఇచ్చే రోజు "రాత్రి నుంచి ఏమీ పెట్టకండి" అంటే కారణం అడగండి. అది వాంతి చేసుకునే జంతువులకి పెట్టే నియమం. కుందేలు వాంతి చేసుకోలేదు, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంచితే పేగులు ఆగిపోతాయి. పళ్లు సరిచేశాక కూడా పన్నెండు గంటల్లో తినకపోయినా, రెట్టలు పడకపోయినా ఎమర్జెన్సీగా తీసుకెళ్లాలి. నొప్పి మందు ఇవ్వకుండా ఇంటికి పంపిస్తే అడిగి తీసుకోండి.

పళ్ల ముళ్లు అరగదీసినా పురుగుకి కోర్సు మళ్లీ పూర్తిగా వెయ్యాలి. రెండు ఇంజెక్షన్లు చాలవు. ఐవర్‌మెక్టిన్ గుడ్లని చంపదు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. అందుకే రెండేసి వారాల తేడాతో కనీసం మూడు డోసులు, లేదా డాక్టరు సెలమెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు ఎంచుకుంటే వాళ్లు చెప్పిన గడువులో చుక్కలు. డోసు ఆ రోజు తూకం మీదే లెక్కకట్టాలి. పురుగు కుందేలు మీద లేకుండా కూడా పది రోజులు బతకగలదు కాబట్టి బోనులో పరిచిన గోనెపట్ట పారేయండి, గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, సోఫా కింద, మూలల్లో వాక్యూమ్ పెట్టండి. బూరుగుకి నేను మొదటి రెండుసార్లు ఈ భాగం చెయ్యలేదు.

ఆఖరుగా తిండి, దీనిలోనే అసలు మందుంది. నోరు నొప్పిగా ఉన్నప్పుడు గడ్డి పెట్టి "తినడం లేదు" అనుకోవడం న్యాయం కాదు, నొప్పి తీసేసి పెట్టాలి. పళ్లు సరిచేసిన నాలుగైదు రోజులకి మెత్తటి పచ్చగడ్డితో మొదలుపెట్టండి. చెన్నైలో అన్నిటికంటే సులువైనది గరిక. పిళ్లయార్ (వినాయకుడి) గుళ్ల దగ్గర పూలమ్మేవాళ్లు అరుగంపుల్ అని కట్టలు కట్టి అమ్ముతారు, బాగా కడిగి తడి ఆరాక పెట్టండి. మా బూరుగు మళ్లీ నమలడం నేర్చుకున్నది గరిక తోనే. మొదటి రోజు ఒక్కో పోగు చేతిలో పెట్టుకుని ఇస్తే, చివర నోట్లో పెట్టుకుని దవడ పక్కకి తిప్పి, ఆగి, మళ్లీ తిప్పింది. ఆ చప్పుడు కోసం మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. తర్వాత మెల్లగా ఎండు తిమోతీ గడ్డి కలపండి. వరిగడ్డి పరుపుకి బాగుంటుంది కానీ తిండిగా సత్తువ లేదు. బ్రెడ్డు పూర్తిగా ఆపేయండి. పెల్లెట్లు ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో తగ్గిస్తూ కిలో బరువుకి రోజుకి 25 గ్రాములకి మించకుండా తీసుకురండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు కొంచెం కొంచెం. క్యారెట్ వారానికి రెండుసార్లు వేలెడంత ముక్క. వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూసి రాసి పెట్టండి, నోటి సంగతి బొచ్చు కంటే ముందు ఆ కాగితం చెబుతుంది.

బూరుగుకి పళ్లు సరిచేశాక ఆరు వారాలకి నడుము మీద మచ్చల్లా కనబడింది. జబ్బు ముదిరిందని హడలిపోయాం. లోపల కొత్త వెంట్రుకలు మొలిచేటప్పుడు చర్మం అలా రంగు తిరుగుతుందట. మూడు నెలలకి నిండింది. దాని దవడ పళ్ల వేర్లు అప్పటికే పాడయ్యాయి కాబట్టి ఆ తర్వాత ప్రతి రెండు మూడు నెలలకి ముళ్లు అరగదీయించాల్సి వచ్చింది, ఎనిమిదేళ్లు దాటేదాకా అలాగే బతికింది. మల్లికి అంత దూరం రాకముందే చూపించగలిగితే, గడ్డితోనే సరిపోవచ్చు.

రేపు సాయంత్రం వీడియో తీయండి, ముందరి కాళ్ల లోపలి వైపు ఒక ఫొటో తీయండి. అది నడుము దాకా వెళ్తోందా, భుజం దగ్గరే ఆగిపోతోందా, నాకు రాయండి.